హుండీలో పాత బిళ్లలు: అపోహలు – వాస్తవాలు

‘ఈ బిళ్ల మీ దగ్గరుంటే లక్షాధికారే’ అని ఫోన్‌లో వీడియో రాగానే ఎన్నో ఇళ్లలో హుండీలు బోర్లిస్తారు. అమ్మాలన్నా, కొనాలన్నా ముందు తెలియాల్సింది ఒకటే. అలాంటి నాణేలు ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎందరు వెతుకుతున్నారు అన్నదాన్ని బట్టే ధర పలుకుతుంది.

అపోహ: ఎంత పాతదైతే అంత ఖరీదు.

వాస్తవం: విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న వెండి రూపాయిలు విరివిగా దొరుకుతాయి. 1874 వరకూ ముద్రించిన వాటి మీద కూడా అదే సంవత్సరం వేస్తూ వచ్చారు మరి. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి వయసులో వాటికంటే ఎంతో చిన్నది. అయినా చాలా అరుదు కాబట్టి ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. అందుకే 1938లోని 8ని 9గా దిద్ది అమ్మే మోసగాళ్లూ ఉన్నారు. చివరి అంకెను భూతద్దంతో చూడందే కొనకండి.

అపోహ: వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్లకు లక్షలిస్తారు.

వాస్తవం: అవి 2012లో తెచ్చిన ఐదు, పది రూపాయల స్మారక నాణేలు. చెలామణీలోకి వచ్చినవే, మామూలుగా దొరికేవే. లక్షల ఆశ చూపి ‘ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను కట్టండి’ అంటే అది మోసమే. తాము పాత నాణేలు కొనడం, అమ్మడం చేయమని, కమీషన్ కూడా అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

అపోహ: నాణెం మీద నక్షత్రం ఉంటే అరుదైనది.

వాస్తవం: ఆ నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు. సంవత్సరం అంకె కింద చూడండి: వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది నాణెం ఒక టంకశాలది కుప్పలుగా, మరోదానిది అరుదుగా దొరకొచ్చు. కాబట్టి సంవత్సరాన్నీ గుర్తునూ కలిపి చూడాలి.

అపోహ: చింతపండుతో తోమి మెరిపిస్తే మంచి ధర వస్తుంది.

వాస్తవం: ఇంతకు మించి నష్టం చేసే పని లేదు. తోమిన రూపాయిని భూతద్దం కింద పెడితే రాణి చెంప మీద సన్నని గీతలు వెంట్రుకల్లా కనిపిస్తాయి. అవి ఇక పోవు. ఏళ్ల తరబడి పట్టిన నల్లని పొరే సేకర్తలకు ముద్దు. నాణేన్ని అంచులతో పట్టుకోండి, అలాగే ఉంచండి.

అపోహ: రాముడు, హనుమంతుడి బొమ్మలున్న 1818 ఈస్టిండియా కంపెనీ నాణేనికి మహిమ ఉంటుంది.

వాస్తవం: కంపెనీ అలాంటి నాణేలు ముద్రించనే లేదు. అవి తర్వాత తయారైన బిళ్లలు. బియ్యాన్ని లాగుతాయంటూ ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు ఇలాంటివి చూపించే మన ఊళ్లలో ఎందరినో ముంచాయి.

విక్టోరియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. చిన్న త్రాసు, భూతద్దం, అయస్కాంతం దగ్గరుంచుకోండి: వెండి అయస్కాంతానికి అంటదు. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే స్థితిలో ఉన్న నాణెం వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. ఇద్దరు ముగ్గురు వ్యాపారులను అడగండి. తాతలు దాచిన బిళ్ల తొందరపాటుతో చేజారిపోకూడదు.