సిద్ధమన్న మాటకు సాక్ష్యమేది?

బెల్లపు పాకము వచ్చినదో లేదో నీళ్లలో ఒక చుక్క విడిచిన తెలిసిపోవును. వరి పండినదని రైతు గింజ కొరికి చెప్పును. కంప్యూటరును నడిపించు సాఫ్టువేరు పక్వమైనదని తెలుపుటకు అట్టి చుక్కగాని, గింజగాని లేదు. పరీక్షించితిమి, తప్పు కనబడలేదు అనుట ఒకటి. తప్పు లేదనుట వేరొకటి.

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి తొలిసారి ఎగిరినది. సుమారు 40 సెకనులకే, 3,700 మీటర్ల ఎత్తున, దారి తప్పి బ్రద్దలైనది. భూమి చుట్టునున్న అయస్కాంత క్షేత్రమును పరిశోధింపవలసిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహములు దానితోనే నశించినవి.

గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన జరిగిన విచారణలో తేలిన కారణము విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది. రాకెట్టు దిశను, గమనమును కొలుచు యంత్రములోని ప్రోగ్రామును ఏరియాన్-4 నుండి తెచ్చుకొనిరి. అడ్డముగా సాగు వేగమునకు సంబంధించిన ఒక విలువను అది 64 బిట్ల రూపము నుండి 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చుచుండును. 16 బిట్లలో 32,767కు మించిన సంఖ్య ఇమడదు. పాత రాకెట్టులో ఆ విలువ ఎన్నడును హద్దు దాటలేదు. క్రొత్తది ఆరంభముననే అంతకంటె చాల వేగముగా అడ్డమునకు మరలును. సోల గిన్నెలో కుంచెడు పోసినట్లయినది! యంత్రము ఆగిపోయినది. ఆపదకు తోడుగా ఉంచిన రెండవ యంత్రములోను అదే ప్రోగ్రాము గనుక అది అంతకు లవమాత్రము ముందే ఆగినది. ఆగుచు యంత్రము పంపిన దోషసూచనను ప్రధాన కంప్యూటరు ప్రయాణ వివరముగా భ్రమించి, లేని వంకరను సరిదిద్దబోయి రాకెట్టును నిజముగనే వంకర త్రిప్పినది. ఇంతకును ఆ గణన, రాకెట్టు నేల విడిచిన పిదప, ఏరియాన్-5కు అక్కరయే లేదు.

ఇది కేవలము అజాగ్రత్త యనుట న్యాయము కాదు. అట్టి ప్రమాదమున్న ఏడు విలువలలో నాలుగింటికి రక్షణ కల్పించిరి. గణనభారము 80 శాతము మించరాదను నియమముచే, హద్దు దాటవను నమ్మకముచే, తక్కిన మూడింటిని విడిచిరి. ఆ నమ్మకము ఏరియాన్-4 విషయమున సత్యమే. క్రొత్త ప్రయాణపు లెక్కలతో అసలు యంత్రమును నేలపైననే పరీక్షించియుండిన గుట్టు బయటపడెడిది. సమగ్ర పరీక్షలలో దానికి బదులు దాని అనుకరణను ఉంచిరి. పూర్వవిజయమే యోగ్యతాపత్రమైనది. సిద్ధమా యని అడిగిన వారుందురు గాని, దేనికి సిద్ధమని అడుగువారు అరుదు.

అవే నాలుగు ఉపగ్రహములను మరల నిర్మించి, 2000వ సంవత్సరమున రష్యా సోయజ్ రాకెట్లపై రెండు విడతలుగా పంపిరి. శాస్త్రజ్ఞులు అందుకై నాలుగేండ్లు వేచియుండవలసి వచ్చినది.