పండక్కి ఓ నాలుగు ముక్కలు... మీ చేత్తో!

అందంలో తనకు సాటిలేదనుకునే భామ. అలిగి వెళ్లిపోయిన భర్త. రమ్మని పిలవాలని ఉంది, నోరు తెరిచి పిలవడానికి అభిమానం అడ్డొస్తోంది. మరేం చేయాలి? సత్యభామ ఉత్తరం రాసింది! చెలికత్తె మాధవి చేతికిచ్చి కృష్ణుడికి పంపింది.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడికి పేరు తెచ్చిన 'భామాకలాపం'లో ఈ లేఖ ఘట్టం ప్రాణంలాంటిది. సిద్ధేంద్ర యోగి రచనగా తరతరాలుగా ఆడుతున్న కలాపమిది. ఉత్తరం బిరుదులతో, పొగడ్తలతో ఘనంగా మొదలవుతుంది. పోనుపోను గర్వం కరిగి, గుండెల్లోని బెంగ బయటపడుతుంది. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ భామ వేషం కట్టి వస్తే, ఆయన మగవాడన్న సంగతే ప్రేక్షకులు మరిచిపోయేవారట.

మన పాత ఉత్తరాల తీరూ అంతే. 'ఉభయకుశలోపరి' అని అందరూ రాసేవారు. దాని కింద 'మన గేదె ఈనింది. జున్ను తింటుంటే నువ్వే గుర్తొచ్చావు. ఎప్పుడొస్తావే తల్లీ?' అని అమ్మ రాసిన ముక్క మాత్రం ఆ ఒక్క కూతురికే. ఉత్తరాన్ని ట్రంకుపెట్టెలో దాచుకునేది ఆ ముక్క కోసమే!

క్రిస్మస్ కార్డు పుట్టిందే రాసే తీరిక లేక. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి క్రిస్మస్‌కు అందరికీ ఉత్తరాలు రాయలేక, చిత్రకారుడు జాన్ హార్స్‌లీతో బొమ్మ వేయించి కార్డులు అచ్చు కొట్టించాడు. పేర్లు రాయడానికి ఖాళీలు వదిలాడు. ఆ ఆలోచనే ప్రపంచమంతా పాకింది. ఒకప్పుడు డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లలోనూ ఫ్యాన్సీ షాపులు కొత్త సంవత్సరం, సంక్రాంతి కార్డులతో కళకళలాడేవి. కవరు అంటించకుండా 'బుక్ పోస్ట్' అని రాస్తే తక్కువ స్టాంపు సరిపోయేది. లోపల ఉత్తరంలా రాస్తే మాత్రం ఉత్తరం ఛార్జీయే! ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవడానికి సంతకంతో సరిపెట్టినవాళ్లు ఎందరో.

టెలిగ్రామ్ మరీ పొదుపు. శుభాకాంక్షలకు నంబర్లుండేవి. నంబరు చెబితే చాలు, దానికి కేటాయించిన వాక్యం అవతలివారికి చేరేది. 2013 జులైలో ఆ టెలిగ్రామూ ఆగిపోయింది. ఇప్పుడు పండగ రోజు తెల్లారేసరికి సెల్‌ఫోన్ నిండా ముగ్గులూ, గొబ్బెమ్మలే. ఒకే బొమ్మ పదిమంది దగ్గర్నుంచి వస్తుంది. ఎవరు పంపారో సాయంత్రానికి గుర్తుండదు. పంపినవారికీ ఎవరికి పంపారో గుర్తుండదు!

అలాగని ఫోన్లు పక్కన పడేయనక్కర్లేదు. బాగా కావలసిన నలుగురికి కార్డు రాస్తే చాలు. ఏం రాయాలో తోచడం లేదా? మొదట నోటితో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి... 'పిన్నీ', 'బావగారూ', 'చిట్టితల్లీ' అని. తర్వాత మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి. 'క్రితం పండక్కి నువ్వు వండిన అరిసెల్లో ఆఖరిది తిన్నది నేనేనత్తయ్యా' అన్నా చాలు! చివర ఓ ప్రశ్న వేయండి, జవాబు రాయాలనిపిస్తుంది. దస్తూరీ బాగోలేదని జంకొద్దు. తాతయ్య వణికే చేత్తో రాసిన అక్షరాలు వంకరగా ఉన్నా, అమెరికాలో ఉన్న మనవరాలికి అవి తాతయ్య అక్షరాలే.

అన్నిటికన్నా ముఖ్యమైన కార్డు మరొకటుంది. అది రాయడమే కష్టం. పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చి, పలకరింపులు మానేసిన అన్నదమ్ములు ఏ ఊళ్లో లేరు? ఫోన్ చేస్తే పాత గొడవే మళ్లీ మొదలవుతుందేమోనని భయం. ఎదురుపడితే మాట పెగలదు. కార్డుకు ఆ ఇబ్బంది లేదు. మధ్యలో అడ్డుపడదు, ఎదురు మాట్లాడదు. పైగా పండగ అనే మంచి సాకు ఉండనే ఉంది. అచ్చులో ఉన్న శుభాకాంక్షల కింద 'వదిననూ పిల్లల్నీ తీసుకుని పండక్కి రా అన్నయ్యా' అని రాసి చూడండి. సత్యభామంతటి అభిమానవతే ముందుగా రాసింది. మనం రాస్తే తప్పేముంది?