అండం విడుదలకు మందులు.. పరీక్షలు లేనిదే వద్దు

పెళ్లయి ఏడాది తిరగకముందే 'ఏమైనా విశేషమా?' అంటూ ఇంటా బయటా ఆరాలు మొదలవుతాయి. రెండేళ్లు గడిస్తే ఆ ప్రశ్నే నిందగా మారుతుంది. దాన్ని మోసేది మాత్రం కోడలే. ఈ ఒత్తిడి భరించలేక, పొరుగామెకు పనిచేశాయని మందుల దుకాణంలో మాత్రలు కొని నెలల తరబడి మింగేవారున్నారు. అండం విడుదలకు తోడ్పడే ఈ మందులు పద్ధతి ప్రకారం వాడితే వరమే. పరీక్షలు లేకుండా వాడితే డబ్బుతో పాటు విలువైన కాలమూ వృథా అవుతుంది.

ఎవరికి అవసరం?

నెలసరి సక్రమంగా రాని మహిళల్లో చాలామందికి అండం నెలనెలా విడుదల కాదు. దీనికి ప్రధాన కారణం పీసీఓఎస్‌గా పిలిచే అండాశయ సమస్య. థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం కూడా కారణం కావచ్చు. అప్పుడు ముందుగా వాటికే చికిత్స చేయాలి. అధిక బరువు ఉన్నవారు అయిదు నుంచి పది శాతం తగ్గినా కొందరిలో మందులు లేకుండానే అండం విడుదలవుతుంది.

ఎలా పనిచేస్తాయి?

క్లోమిఫెన్ 1960ల నుంచి వాడుకలో ఉన్న మాత్ర. శరీరంలో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉందని మెదడు భ్రమపడేలా చేస్తుంది. దాంతో పీయూష గ్రంథి మరింత హార్మోనును విడుదల చేసి అండాశయాన్ని ప్రేరేపిస్తుంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారీనే తాత్కాలికంగా తగ్గించి అదే ఫలితాన్నిస్తుంది. రెండింటినీ సాధారణంగా నెలసరి మొదలైన రెండు నుంచి అయిదో రోజు మధ్య ప్రారంభించి, అయిదు రోజులు వాడతారు.

రొమ్ము క్యాన్సర్ మందుగా వచ్చిన లెట్రోజోల్‌ను సంతానలేమికి వాడరాదని 2011లో కేంద్రం నిషేధించింది. 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. అమెరికాలో 750 మంది పీసీఓఎస్ బాధితులపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం మందికి సంతానం కలిగింది. పీసీఓఎస్‌లో మొదట లెట్రోజోల్‌నే ఎంచుకోవాలని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

భర్తకూ పరీక్ష తప్పదు

సంతానలేమి కేసుల్లో దాదాపు సగం వాటిలో పురుషుడి లోపానికీ పాత్ర ఉంటుంది. వీర్య కణాలు లేకపోతే భార్య ఎన్ని మాత్రలు మింగినా ప్రయోజనం శూన్యం. అందుకే చికిత్సకు ముందే వీర్య పరీక్ష చేయించాలి. ఇది చౌకైన, నొప్పి లేని పరీక్ష. అయినా మగవారు వెనుకాడుతూనే ఉన్నారు. క్షయ వంటి వ్యాధుల వల్ల గర్భనాళాలు మూసుకుపోయినా ఈ మందులు ఫలించవు. అవసరమైతే ఎక్స్‌రే ద్వారా నాళాల పరిస్థితి తెలుసుకోవచ్చు.

జాగ్రత్తలివీ..

* వైద్యుల చీటీ లేకుండా ఈ మాత్రలు కొనరాదు. గర్భం లేదని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి.
* అండం పెరుగుదలను స్కానింగ్ ద్వారా గమనించాలి. మోతాదును సొంతంగా పెంచరాదు.
* క్లోమిఫెన్‌తో ఒంట్లో వేడి ఆవిర్లు, తలనొప్పి రావచ్చు. చూపు మసకబారితే వెంటనే ఆపి వైద్యులను కలవాలి.
* కవల పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుంది. కవలల కాన్పులో తల్లికీ బిడ్డలకూ ముప్పు ఎక్కువ.
* మాత్రలు పనిచేయకపోతే హార్మోను ఇంజెక్షన్లు ఇస్తారు. అండాశయాలు మితిమీరి ఉబ్బే ప్రమాదం వీటితోనే ఎక్కువ. కడుపు ఉబ్బరం, వాంతులు, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.
* గర్భం కోసం ప్రయత్నించేటప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవాలి.

క్లోమిఫెన్‌ను సాధారణంగా ఆరు నెలసరులకు మించి వాడరు. అప్పటికీ ఫలితం లేకపోతే చికిత్స మార్చాలి. ఏడాది ప్రయత్నించినా గర్భం రానివారు, 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ కలిసి స్త్రీ వైద్య నిపుణులను సంప్రదించడం ఉత్తమం.