పేరులేని రోగము – దిక్కులేని రోగి

చిత్తము చెదిరిన మనుష్యునకు చికిత్స రోగము పేరుతో మొదలగును. ఆ పేరు కుదరనినాడు రోగి గతి యేమి? ఖమ్మము మైదానము ముగిసి భద్రాచల మన్యము మొదలగు సీమలో నిది కుటుంబముల కూడుగుడ్డల ప్రశ్న. ఒక కోయ యువతి కొన్ని రాత్రులయందు పరుల గొంతుతో మాటలాడును, పగటివేళ చేనిపనులు చక్కగా చేయు ననుకొందము. ఆమెది యున్మాదమా, మూర్ఛయా, శోకమా, వేల్పు పూనుటయా? పుస్తకములోని లక్షణములు సగమే సరిపడును. తక్కిన సగమును వైద్యు డేమి చేయవలెను?

వైద్యుల చేతనున్న కొలబద్దలు రెండు: ప్రపంచారోగ్యసంస్థ వర్గీకరణము, అమెరికా మానసిక వైద్యసంఘపు గ్రంథము. ఇవి వ్యర్థములని మేమనము. కొలబద్ద లేనిచో ఒక వైద్యుని నిర్ణయము మరియొకనికి పొసగదు. అయితే కొలబద్దలును మారుచునే యున్నవి. హఠాత్తుగా వచ్చి కొలదికాలములో శమించు చిత్తభ్రమకు 1992 నాటి 10వ కూర్పులో ప్రత్యేకస్థానము లభించెను. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 11వ కూర్పు ప్రకారము, పూనకము తనంతట రోగము గాదు. అది మనుష్యుని యిచ్ఛకు లోబడక, ఆ సమాజపు టాచారములో జేరక, బాధనో జీవనభంగమునో కలిగించినపుడే రోగము. కావున ఆ యువతిని పరీక్షించు వైద్యుడు గూడెపు టాచార మెట్టిదో ముందుగా నెరుగవలెను.

మొదట దేహమును జూడవలెను. మన్యపు మలేరియా మెదడున కెక్కినచో ప్రలాపము పుట్టును. దానిని పిచ్చి యని కట్టివేయుట ప్రాణహాని. మూర్ఛరోగమును, ప్రసవానంతర వికారమును అట్లే పొరపాటున వేరుగ దలపబడును. పిమ్మట భాష. కోయభాష తెలుగు గాదు. రోగి మాటను బంధువు తెనిగించి చెప్పునపుడు సగము బంధువు మాటయే యగును. ఇక చరిత్ర. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అలజడికి తాళలేక కోయ కుటుంబములు పెక్కు ఈ యడవులకు వలసవచ్చెను. ఎవరో చంపవత్తురని వణకు మనుష్యుని భయము పట్టికలో భ్రాంతి యనిపించును. వాని యూరి కథలో నది జ్ఞాపకము కావచ్చును.

చట్టమీ విషయమున స్పష్టముగ నున్నది. 2017 నాటి మానసికారోగ్య చట్టము 3వ విభాగము ప్రకారము, అంగీకృత వైద్యప్రమాణములనుబట్టియే రోగమును నిర్ణయింపవలెను. జాతి, మత, సాంస్కృతిక వర్గములనుబట్టి నిర్ణయింపరాదు. కాని చట్టమునకును గూడెమునకును నడుమ దూర మధికము. 2015-16 నాటి జాతీయ మానసికారోగ్య సర్వేకు 12 రాష్ట్రములను ఎన్నుకొనిరి. పొరుగున నున్న ఛత్తీస్‌గఢ్ అందు జేరెను, తెలుగు రాష్ట్రములు రెండును జేరలేదు. మరియు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద 40 శాతము వైకల్యమునకు ధ్రువపత్రము గావలెనన్న రోగనిర్ణయము ముందుండవలెను. పేరు కుదరని రోగికి మందును దొరకదు, పత్రమును దొరకదు.

రోగమునకు పేరు పెట్టలేని వైద్యుడు సిగ్గుపడ నక్కరలేదనియు, సర్వరోగములకును స్థిరమైన పేరు లుండవనియు చరకసంహిత సూత్రస్థానము ఏనాడో చెప్పెను. పేరునకు మారుగ దోషమును, స్థానమును, కారణమును విచారించి చికిత్స సేయుమనెను. నేటి వర్గీకరణములందును "అనిర్దిష్టము" అను గడి కలదు. ఆ గడిలో వ్రాయుట వైద్యుని యోటమి గాదు. వ్రాసి రోగిని మరచుటయే యోటమి.

కావున మేము కోరునది యింతే. నిర్ణయము తాత్కాలిక మని వ్రాసి, నిద్రలేమికిని, భయమునకును, మూర్ఛకును వెంటనే చికిత్స మొదలిడవలెను. నెలనెలకు మరల జూడవలెను. కోయభాష నెరిగిన ఆరోగ్యకార్యకర్తను వైద్యునిప్రక్కన గూర్చుండబెట్టవలెను. గూడెపు వడ్డెను వెక్కిరింపక, రోగిని ఆసుపత్రికి బంపుటలో నాతని సహాయమును గోరవలెను. కొలబద్దకు సరిపడలేదని మనుష్యుని గోయుట న్యాయము గాదు. అధికారులు ఈ మన్యపు రోగుల గోడు నాలకింతురు గాక!