విద్యాపీఠమునకు కావలి

ప్రజల ద్రవ్యముతో నడచు విశ్వవిద్యాలయము ఒక పక్షమున చేరినదని శంక కలిగినపుడు దానిని నిలదీయుటకు సంఘము లేర్పడుట న్యాయమే. కాని కావలివాడే ఒక పక్షమువాడైనచో గతి యేమి? ఈ పరీక్ష మన ఉత్తరాంధ్రమునకు క్రొత్త కాదు.

గడచిన శతాబ్ది తొలినాళ్లలో పాఠశాలల పర్యవేక్షణాధికారియగు యేట్సు దొర, శిష్టులు మాటలాడు తెలుగునకు బడిలో చోటేల లేదని ప్రశ్నించెను. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారును, విజయనగర సంస్థానమున నుండిన గురజాడ అప్పారావుగారును ఆ వాదమును పూనిరి. మద్రాసు విశ్వవిద్యాలయము నవీనులవైపు మొగ్గుచున్నదని పండితులు కలతచెందిరి. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. సభలు జరిగెను, విజ్ఞాపనలు పోయెను. 1914లో అప్పారావుగారు అసమ్మతి పత్రమును సమర్పించినను గ్రాంథికమే నెగ్గెను. మరుసటి యేట వారు కాలధర్మము నొందిరి.

పరిషత్తువారి భాషాభిమానమును శంకింపరాదు. తాళపత్ర గ్రంథములను సేకరించి, సూర్యరాయాంధ్ర నిఘంటువును తలపెట్టినది వారే. విశ్వవిద్యాలయము నిష్పక్షపాతముగా నుండవలెనని కోరుటయు తప్పు కాదు. కాని వారు రెండు శైలులను ఒకే కొలతతో కొలువుమని యడుగక, ఒకదానికి తలుపు మూయుమని యడిగిరి. ఆ తలుపు మూతపడుటవలన నష్టపోయినది పండితపుత్రుడు కాడు. ఇంట వినిన భాషలో ఆలోచించి, పరీక్షలో వేరొక భాషను వెదకికొనవలసి వచ్చిన రైతుబిడ్డ. గ్రాంథికమున మక్కువగల మేమును ఈ మాట యొప్పుకొనక తప్పదు.

రామమూర్తిగారు విడువలేదు. 1919లో 'తెలుగు' పత్రికను నెలకొల్పి, గ్రాంథికవాదుల రచనలలోని దోషములనే సాక్ష్యముగా చూపిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. నేడు విద్యార్థులు వ్రాయునది వ్యావహారికమే.

నేడు ఎచ్చెర్లలో అంబేద్కరు పేరను, విజయనగరమున గురజాడ పేరను విశ్వవిద్యాలయము లున్నవి. ప్రభుత్వములు మారినపుడెల్ల విద్యాపీఠములపై పక్షపాతాభియోగములు వచ్చుచునే యుండును. అట్టి తరుణమున కావలి కాయుడు, నియామకములకు కారణ మడుగుడు, పాఠ్యనిర్ణయములను బయటపెట్టుమనుడు, మనవారికిని పెరవారికిని ఒకే న్యాయము కోరుడు. ఎదుటివాని నోరు మూయింపుమని మాత్రము అడుగకుడు. నేడు మనము వేయించిన తాళము రేపు మన బిడ్డల తలుపునకే పడవచ్చును.