పెరటి వంగకు విత్తనం ఎన్నుకొనుట ఎట్లు?

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ఒక ఉదయం నడచి చూచినవారికి వంకాయ ఒకటే కూరగాయ అని నమ్ముట కష్టము. ఒక గంపలో నల్లగా నిగనిగలాడే గుండ్రని కాయలు. పక్క గంపలో చిటికెన వ్రేలంత సన్నని పొడుగు కాయలు. మరొక చోట తెల్ల చారలున్న ఆకుపచ్చ కాయలు. ఇవన్నీ ఒకే జాతి మొక్క కాయలే. మరి మన పెరటిలో నాలుగు మొక్కలు వేయదలచితే వీనిలో దేనిని ఎన్నుకొనవలెను?

"అన్నింటికంటె మంచి రకమేది?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. మన వంటకు ఏది తగును, మన నేలకూ ఋతువుకూ ఏది తగును, వచ్చే ఏటికి విత్తనము మనమే కట్టుకొందుమా అనే మూడు ప్రశ్నలు వేసుకొంటే మాత్రము జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ఈ సంగతి నేను ఒక నష్టము వలన నేర్చుకొన్నాను. కొన్నేండ్ల క్రిందట మా అమ్మ ఊరి నుండి చిన్న గుడ్డమూటలో నాటు వంగ విత్తనములు తెచ్చి ఇచ్చింది. గుండ్రని, చారల కాయ. గుత్తి వంకాయ కూరకు దానికి సాటి లేదని ఆమె చెప్పేది. నేను చిటికెడు కూడ అట్టిపెట్టకుండ అన్నీ నారు పోసి, అంతకు ముందు టమాటా వేసిన మడిలోనే నాటినాను. మొక్కలు ఏపుగా పెరిగినవి. సరిగా పూతకు వచ్చే వేళకు పచ్చగా ఉన్నవి ఉన్నట్లే వడలినవి. నీరు చాలలేదనుకొని మరింత పోసినాను. వారము తిరుగకుండ మడి అంతా ఎండిపోయినది. విత్తనము కొరకు మళ్ళీ ఊరికి కబురు పంపితే, అక్కడ అందరూ కొన్న విత్తనమునకు మారినారనీ, ఆ రకము ఎవరి ఇంటా లేదనీ తెలిసినది.

ఇన్ని రకములు ఎందుకు ఉన్నవో ముందు చూతము. వంగ శాస్త్రీయ నామము సోలానమ్ మెలాంజెనా. టమాటా, మిరప, బంగాళాదుంప, పొగాకు దీని చుట్టములే. అయితే ఆ నాలుగూ అమెరికా ఖండముల నుండి వచ్చినవి; వంగ మాత్రము ఆసియాది. దీని పూర్వీకమైన ముండ్ల మొక్క, సోలానమ్ ఇన్సానమ్, నేటికీ మన దేశములో బీళ్ళలో పెరుగుతున్నది. పారశీకుల బాదంజాన్, అరబ్బుల అల్-బాదింజాన్, పోర్చుగీసుల బెరింజెలా, మనము ఇంగ్లీషు మాటగా వాడే బ్రింజాల్, హైదరాబాదు బగారా బైంగన్ లోని బైంగన్ ఒకే మాట నుండి పుట్టినవే. ఎన్నో తరముల గృహిణులూ రైతులూ తమకు నచ్చిన కాయను విత్తనమునకు విడిచినందుననే ఈ వైవిధ్యము ఏర్పడినది.

ఇక మొదటి ప్రశ్న, వంట. గుత్తి వంకాయకూ బగారా బైంగన్‌కూ లేత చిన్న కాయలు కావలెను. కాల్చి పచ్చడి చేయుటకు కండ ఎక్కువ ఉన్న పెద్ద కాయ మేలు. వేపుడుకు పొడుగు కాయ అనుకూలము. హైదరాబాదు వ్యవసాయ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన భాగ్యమతి, శ్యామల అనే రకములు మన ప్రాంతమునకు చిరపరిచితములు. ఢిల్లీ పరిశోధనాలయమునుండి వచ్చిన పూసా పర్పుల్ లాంగ్ పొడుగు కాయ. పూసా పర్పుల్ క్లస్టర్ గుత్తులుగా కాస్తుంది. ఏ రకమైనా గింజ ముదరక ముందే కోయవలెను. ముదిరిన కాయ చేదెక్కుతుంది. కోసిన ముక్క నల్లబడుట జబ్బు కాదు. కండలోని క్లోరోజెనిక్ ఆమ్లము, గాలిలోని ఆక్సిజను ఒక ఎంజైము సహాయముతో కలియుట వలన ఆ రంగు వస్తుంది. ముక్కలను నీటిలో వేస్తే గాలి తగులదు.

రెండవ ప్రశ్న, నేల, ఋతువు. మన ప్రాంతములో వర్షాకాలపు పంటకు జూన్, జూలైలలోను, శీతాకాలపు పంటకు అక్టోబరు, నవంబరులలోను, వేసవి పంటకు జనవరి, ఫిబ్రవరిలలోను నారు పోస్తారు. ఎండ తీవ్రమైతే పూత రాలుతుంది కనుక తొలిసారి వేసేవారికి మొదటి రెండు కాలములే మంచివి. నెల దాటిన నారును రెండడుగుల ఎడములో నాటవలెను. రోజంతా నీడ పడే గోడ పక్కన ఏ రకమూ కాయదు.

మా మడిని చంపినది బాక్టీరియా ఎండు తెగులు. ఆ సూక్ష్మజీవి నేలలో దాగి, వేళ్ళగుండా ప్రవేశించి, నీరు ప్రాకే నాళములను పూడ్చివేస్తుంది. దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. వడలిన మొక్క కాండమును కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని తేట నీటిలో ఉంచండి. కొద్ది నిమిషములలో పాలవంటి సన్నని దారము క్రిందికి జారుతుంది. ఆ దారము నిండ బాక్టీరియాలే. టమాటాకూ ఇదే తెగులు వస్తుంది కనుక టమాటా తరువాత అదే మడిలో వంగ వేయరాదు. వేయక తప్పకపోతే బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ వంటి తట్టుకొనే రకములను ఎన్నుకొనవలెను.

మొవ్వునూ కాయనూ తొలిచే పురుగు విషయములో మాత్రము రకమును నమ్ముకొని లాభము లేదు; సాగులో ఉన్న ఏ రకమూ దానిని పూర్తిగా తట్టుకొనదు. ఈ పురుగును ఎదుర్కొనుటకే బాక్టీరియా జన్యువును చేర్చి బీటీ వంగను తయారు చేసినారు. 2010 జనవరిలో దానిపై హైదరాబాదులోను, ఇతర నగరములలోను బహిరంగ చర్చలు జరిగినవి. ఆ ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వము దాని విడుదలను నిలిపివేసినది. పెరటిలో పది మొక్కలున్నవారికి మందు చేతిలోనే ఉన్నది. వాలిన మొవ్వు కనబడిన వెంటనే, లోపలి పురుగుతో సహా త్రుంచి నాశనము చేయవలెను. పురుగు లోపల ఉంటుంది కనుక పైన చల్లిన మందు దానిని అంటదు.

మూడవ ప్రశ్న, విత్తనము. దుకాణములోని సంకర విత్తనము రెండు వేరు వేరు రకములను కలిపి చేసినది. ఆ మొక్కలు ఏకరీతిగా ఉండి బాగా కాస్తవి. కాని వాని గింజలు నాటితే, మెండెల్ 1866లో బఠానీలలో చూపినట్లు, తాతల లక్షణములు విడివడి ఒక్కొక్క మొక్క ఒక్కొక్క విధముగా వస్తుంది. ఈ ఏటి పంట చాలుననుకొంటే సంకరము మంచిదే. కాయను నిలుపుకొనదలచితే నాటు రకముగాని స్థిరపడిన శుద్ధ రకముగాని కావలెను.

ఇచట వంగపువ్వు నిర్మాణము తెలిసి ఉండవలెను. ఒకే మొక్కపై కీలము పొడవుగా ఉన్న పూలు, పొట్టిగా ఉన్న పూలు కలసి ఉంటవి. పొట్టి కీలము పూలు సాధారణముగా కాయ కట్టక రాలుతవి. దానికి దిగులు వద్దు. పుప్పొడి పరాగకోశముల కొనలోని చిన్న రంధ్రముల నుండి రాలుతుంది. తుమ్మెద వచ్చి ఝుమ్మని కదిలించినప్పుడు అది మరింత బాగా రాలుతుంది. సాధారణముగా తన పుప్పొడితోనే కాయ కట్టినా, తుమ్మెద పక్క రకము పుప్పొడిని కూడ తేవచ్చును. అందుచేత పెరటిలో రెండు రకములుంటే, విత్తనమునకు ఎన్నుకొన్న మొగ్గకు విచ్చుకొనక ముందే పలుచని గుడ్డసంచి కట్టవలెను. పిందె పడినాక సంచి విప్పి దారము గుర్తు కట్టవలెను. కాయ పసుపురంగుకు తిరిగి పండినాక గింజలు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, తడి తగలని సీసాలో భద్రపరచవలెను.

ఉపాధ్యాయులు పాఠశాల తోటలో రెండు రకములను పక్కపక్కన వేయించి, ప్రతి మొక్కపై పొడవు కీలము పూలెన్ని, పొట్టి కీలము పూలెన్ని, నిలిచిన కాయలెన్ని అని విద్యార్థులచేత పట్టిక వ్రాయించవచ్చును. తమ తోటకు ఏ రకము తగునో ఆ పట్టికే చెప్పుతుంది. విద్యార్థులు తమ అమ్మమ్మలను, నాయనమ్మలను వారి ఊరి వంగ సంగతి కూడ అడుగవలెను. రాజేంద్రనగరములో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున్నది. కాని ప్రతి ఇంటి మూట అక్కడికి చేరదు.

ఎవరైనా మీకు నాటు విత్తనము ఇచ్చినచో ముందుగా సగము సీసాలో దాచి, మిగిలిన సగమే విత్తండి. నేను ఆ పని చేసి ఉంటే మా అమ్మ చారల వంకాయ ఈ యేడు కూడ మా పెరటిలో కాచి ఉండేది.