పై ఇంటి చప్పుడు ఆపడమూ ఉద్యోగమే!

నర్సీపట్నంలో కింది వాటా మీది, పై వాటా ఇంకొకరిది. రేపు పరీక్ష. పైన అల్లం దంచుతున్నారు, కుర్చీలు లాగుతున్నారు. ‘ఫాల్స్ సీలింగ్ వేయిస్తే సరిపోద్ది’ అంటారు ఎవరో. మామూలు సీలింగ్‌తో అది పెద్దగా తగ్గదు. ఎందుకో తెలిస్తే అదే మీకో ఉపాధి.

మాటలు, టీవీ శబ్దం గాలిలో వస్తాయి. బరువైన శ్లాబు వాటిని చాలావరకు ఆపుతుంది. అడుగులు, దంపుడు మాత్రం శ్లాబునే కదిలిస్తాయి. వీటికి మందు పైనే వేయాలి: టైల్స్ కింద రబ్బరులాంటి మెత్తటి పొర. అది కుదరకపోతే కింద సీలింగ్‌ను రబ్బరు హ్యాంగర్లకు వేలాడదీయాలి. పైన రాక్‌వూల్ పరిచి, రెండు పొరల జిప్సం బోర్డు బిగించి, అంచుల్లో సందులు మూసేయాలి.

మన జాతీయ భవన నిర్మాణ కోడ్-2016లో ఎనిమిదో భాగం, నాలుగో సెక్షన్ శబ్ద నియంత్రణ గురించే. ఇంగ్లండ్‌లోనైతే కొత్త ఫ్లాట్ల మధ్య అంతస్తు గాలి శబ్దాన్ని కనీసం 45 డెసిబెల్స్ ఆపాలి. తాకిడి శబ్దం కింద 62 దాటకూడదు. అర కిలో సుత్తులు ఐదున్న యంత్రంతో పైనేలను కొడుతూ కింది గదిలో కొలుస్తారు.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు డిజైన్, కొలతల వైపు వెళ్లొచ్చు. ఐటీఐవారు బిగింపు పని పట్టొచ్చు. స్టూడియోలు, థియేటర్లు, హోటళ్లకూ ఇదే నైపుణ్యం కావాలి.

ఇంటర్వ్యూలో ‘సీలింగ్ వేస్తే చాలా?’ అని అడిగితే వెంటనే తలూపకండి. ‘ముందు అది ఏ రకం చప్పుడో చూడాలి సార్’ అనండి.